పాత యూ చెట్టుని బోడి మాను దాకా కొట్టేయొచ్చా? కొట్టేయొచ్చు, కానీ ముందు దాని మొదట్లో తవ్వి చూడండి

నమస్తే అండి. మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరి దగ్గర పాత ఇల్లు కొన్నారు, వెనక తోటలో పన్నెండడుగుల యూ చెట్టు (ఏడాదంతా పచ్చగా ఉండే, సూదుల్లాంటి ఆకుల చెట్టు) ఉంది, పాత ఓనర్లు దాన్ని నెమలి ఆకారంలో పెంచారట, పదేళ్ళుగా ఎవరూ పట్టించుకోక ఇప్పుడది "తడిసిన కోడిలా" తయారైంది (మీ మాటేనండి, చదివి నవ్వాపుకోలేకపోయాను). మొన్న సెలవుల్లో లెవెన్స్ హాల్ తోట చూసొచ్చాక దీన్ని మళ్ళీ నెమలిని చేసి తీరాలని పట్టుదల పుట్టింది. పనికొచ్చినతను మాత్రం "ఇదింక లాభం లేదు, తీసేసి లేలాండి పెట్టుకోండి" అన్నాడు (లేలాండి అంటే ఇక్కడ కంచెలకి వేసే చెట్టు). మీ సందేహాలు మూడు: గట్టిగా కొట్టేస్తే చచ్చిపోతుందా, 300 ఏళ్ళ నాటి తోటల్లో ఆ ఆకారాలు చెదరకుండా ఎలా ఉంచుతున్నారు, హైదరాబాద్‌లో అత్తగారింటికి ఒక మొక్క పట్టుకెళ్ళొచ్చా.

చచ్చిపోదు. వేళ్ళు బావుంటే, యూ చెట్టుని బోడి మాను దాకా కొట్టేసినా మళ్ళీ చిగురేస్తుంది. ఆ "వేళ్ళు బావుంటే" అన్న దగ్గరే అసలు సంగతంతా ఉంది, కిందకి వచ్చేసరికి చెప్తాను. రెండోదానికి జవాబు మీకు నచ్చకపోవచ్చు: చెదరకుండా ఎవరూ ఉంచట్లేదండి, అవి ఏటేటా చెదురుతూనే ఉన్నాయి, మీరు చూసినవి 300 ఏళ్ళ నాటి చెట్లే గానీ 300 ఏళ్ళ నాటి ఆకారాలు కావు. మూడోది, వద్దు. పట్టుకెళ్ళకండి.

నేనెవర్నంటే, కడియం దగ్గర నర్సరీవాళ్ళ ఇంట్లో పుట్టాను. చిన్నప్పుడు మా నాన్న పక్కన కూర్చుని ఫైకస్ మొక్కలకి ఇనప తీగ చుట్టి ఏనుగులూ జింకలూ చేసేవాణ్ణి. పద్నాలుగేళ్ళుగా ఇంగ్లండ్‌లో, జనం టికెట్ కొనుక్కుని చూడ్డానికొచ్చే ఒక పాత తోటలో తోటమాలిగా చేస్తున్నాను. తోట పేరు చెప్పను, ఎందుకంటే కింద మా తప్పులు కూడా చెప్పబోతున్నాను. మా దగ్గర ఆకారం కట్టిన యూ చెట్లు నలభై పైన ఉన్నాయి, ఏడాదిలో రెండున్నర నెలలు నా బతుకు వాటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఎందుకు బతుకుతుందో చెప్తాను, ఇది తెలిస్తే మీ పనివాడి మాటకి బెదరరు. సరుగుడు, లేలాండి లాంటివి ఉన్నాయి కదా, వాటిని ఆకుపచ్చ ఉన్నంతవరకే కత్తిరించాలి, లోపల గోధుమరంగు కట్టె తగిలిందంటే ఇంక అక్కడ చిగురు రాదు, ఆ బొక్క అలాగే ఉండిపోతుంది. అతను రోజూ చూసేవి లేలాండి కంచెలు అయ్యుంటాయి, అందుకే అలా అన్నాడు, ఆయన తప్పు కూడా కాదు. యూ మాత్రం వాటిలా కాదు. బెరడు కింద ముసలి కట్టెలో కూడా నిద్రపోయే మొగ్గలు ఉంటాయి. వెలుతురు తగిలితే లేస్తాయి. మా నాన్న ఫైకస్ గురించి అనేవాడు, "చెట్టుకి చెవులుండవు గానీ ఒళ్ళంతా కళ్ళేరా" అని, మా వైపు నర్సరీల్లో మొగ్గ పుట్టే చోటుని కన్ను అంటారు. యూ చెట్టుకి ఆ మాట ఇంకా బాగా సరిపోతుంది.

మా తోటలో ఒక కేస్ చెప్తాను. కేక్ మీద కేక్ పెట్టినట్టు మూడు అంతస్తుల చెట్లు వరసగా ఉండేవి, మధ్యలో దారి. పాత ప్లాన్‌లో ఆ దారి ఎనిమిదడుగులు, నేను చేరేనాటికి నాలుగడుగులు, చక్రాల కుర్చీ వస్తే అవతలివాళ్ళు చెట్టులోకి దూరాల్సిందే. ఎందుకలా అయింది అంటే ఎవరూ తప్పు చేయలేదు. కత్తిరించినప్పుడల్లా పాత గీత దగ్గరికి సరిగ్గా వెళ్ళలేం, పచ్చదనం కాస్త ఉంచుతాం, అర సెంటీమీటర్ అనుకోండి. ఏడాదికి అర సెంటీమీటర్ అంటే వందేళ్ళకి అర మీటర్, రెండు వైపులా కలిపితే చెట్టు మీటర్ లావెక్కుతుంది. మనుషుల్లాగే, రోజూ అద్దంలో చూసుకునేవాడికి తెలీదు, పదేళ్ళ తర్వాత ఇండియా వెళ్తే చుట్టాలందరూ ఒకేసారి చెప్తారు.

సరే అని ఒక ఫిబ్రవరి చివర్లో దారి వైపు ఉన్న సగాన్ని రంపంతో మాను దాకా కోసేశాం. చూడ్డానికి భయంకరంగా ఉండేది, ఒక పక్క నిండుగా ఆకుపచ్చ, ఇంకో పక్క ఎముకల గూడు. ఆ ఏడాది కంప్లైంట్ ఉత్తరాలు ఎన్నొచ్చాయో, ఒకాయన అయితే "ఇది హత్య" అని రాశాడు. మొదటి ఎండాకాలం మాను మీద అక్కడక్కడా గడ్డం మాసినట్టు చిన్న చిన్న చిగుళ్ళు, అంతే. రెండో ఏడు జానెడు. మూడో ఏడుకి దూరం నుంచి చూస్తే పచ్చగా కనపడింది. అప్పుడు రెండో పక్క కొట్టాం. ఆకారం మళ్ళీ అంచులు తీరి, నీడ గీత గీసినట్టు పడ్డానికి ఆరేళ్ళు పట్టింది. ఆ దారిలో ఇప్పుడు రెండు చక్రాల కుర్చీలు పక్కపక్కన పోతాయి.

కాబట్టి మీ చెట్టుకి: ఒకేసారి మొత్తం కొట్టొద్దు, ముందు ఒక పక్క, అది బాగా చిగురేశాక, అంటే ఏడాదికో రెండేళ్ళకో, ఇంకో పక్క. మొత్తం కొట్టినా బతికే చెట్లున్నాయి, నేను చూశాను, కానీ ఆకు లేకపోతే తిండి లేదు, చెట్టు నీరసంగా ఉన్నప్పుడు ఆ జూదం ఎందుకు. కొట్టడానికి ముందు ఏడాది చెట్టుకి బలం పెట్టండి, మొదట్లో గడ్డి తీసేసి, బాగా చివికిన ఎరువు రెండంగుళాలు పరిచి, మానుకి తగలకుండా చూసుకోండి. కొట్టిన ఏడాది వర్షం లేకపోతే నీళ్ళు పోయండి. సమయం, చలికాలం చివర, చిగుళ్ళు కదలక ముందు. మార్చి వచ్చిందంటే పిట్టలు గూళ్ళు పెట్టడం మొదలెడతాయి, ఇక్కడ 1981 నాటి చట్టం ప్రకారం పిట్ట వాడుతున్న గూడుని పాడుచేయడం నేరం, సరదాకి చెప్పట్లేదు. ఇంకొకటి, మీ ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపు చెడకుండా కాపాడే ప్రాంతంలో) ఉంటే చెట్టు ముట్టుకునే ముందు కౌన్సిల్‌కి ఆరు వారాల ముందు నోటీస్ ఇవ్వాలి, ఆ చెట్టు మీద ప్రత్యేకంగా రక్షణ ఉత్తర్వు ఉంటే అనుమతే కావాలి. ఒక ఫోన్ కాల్‌తో తేలిపోతుంది, పాత ఇల్లు అన్నారు కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు ఆ 300 ఏళ్ళ సంగతి.

మీరు చూసిన లెవెన్స్ హాల్ కంబ్రియాలో ఉంది, 1694లో గియోమ్ బోమాంట్ అనే ఫ్రెంచి తోటమాలి మొదలెట్టాడు, అప్పటి యజమాని కల్నల్ జేమ్స్ గ్రాహమ్ కోసం. ప్రపంచంలో అతి పాత టోపియరీ తోట, అంటే చెట్లని ఆకారాలుగా కత్తిరించే తోట, అని వాళ్ళు చెప్పుకుంటారు, వందకి పైగా ఆకారాలు. తోట గీత బోమాంట్‌దే, సందేహం లేదు. కానీ మీరు ఫొటోలో పెట్టిన ఆ బంగారు రంగు యూ చెట్లు 19వ శతాబ్దంలో వచ్చినవి, అప్పుడు అలెగ్జాండర్ ఫోర్బ్స్ అనే హెడ్ గార్డెనర్ పాడుబడుతున్న తోటని పట్టుకుని నిలబెట్టాడు, చాలా నాటించాడు. జడ్జి విగ్గు, గొడుగులు, చదరంగం పావులు అని పేర్లు పెట్టారు కదా, వాటిని చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది, ముందు ఆకారం చేసి పేరు పెట్టారా, చెట్టు దాని ఇష్టానికి వంకర పోయాక "అరే ఇది విగ్గులా ఉందే" అనుకున్నారా. నా పందెం రెండోదాని మీదే. అన్ని ఏళ్ళలో అక్కడ హెడ్ గార్డెనర్లు పదిమందే అంటారు, అంటే ఒక్కో మనిషి ముప్పై ఏళ్ళు. నాకు ఆ అంకె ముందు చెట్ల వయసు లెక్కలోకే రాదు.

హాంప్టన్ కోర్ట్ అనే పాత రాజభవనం తోట ఇంకా మంచి ఉదాహరణ. లండన్ వెళ్ళిన మనవాళ్ళందరూ ఆ పుట్టగొడుగుల్లాంటి చెట్ల కింద ఫొటో దిగుతారు, "రాజుల కాలం నాటివి" అని పెడతారు. చెట్లు ఆ కాలానివే, రాజు విలియం, రాణి మేరీల హయాంలో ఆ ఫౌంటెన్ తోట వేసినప్పటి పద్ధతికి చెందినవి. కానీ అప్పట్లో అవి మనిషెత్తు సన్నటి గోపురాలు, వరసల్లో సైనికుల్లా నిలబెట్టినవి. తర్వాత ఫ్యాషన్ మారింది. 1713లోనే అలెగ్జాండర్ పోప్ అనే కవి పత్రికలో ఈ చెట్టు బొమ్మల పిచ్చిని తెగ ఎగతాళి చేశాడు. 1764లో కేపబిలిటీ బ్రౌన్ అనే పేరుమోసిన తోటల రూపకర్త అక్కడ ప్రధాన తోటమాలి అయ్యాడు, ఆయనకి ఈ జామెట్రీ అంటే పడదు, కత్తిరించడం మాన్పించాడు. దాంతో చిన్న గోపురాలు కాస్తా పెద్ద మానులైపోయాయి. చాలా కాలం తర్వాత మళ్ళీ కత్తెర పట్టినప్పుడు కింద అంతా బోడి మాను, పైన గుబురు, దాన్ని గుండ్రంగా తీస్తే పుట్టగొడుగు కాక ఏమొస్తుంది? అంటే మనం ఇవాళ రాచరికపు డిజైన్ అనుకుని చూస్తున్నది ఒక తరం చేసిన పనికి, ఇంకో తరం మానేసిన పనికి, మూడో తరం చేసిన సర్దుబాటు. నాకైతే అసలు దానికంటే ఇదే బావుంటుంది.

వార్విక్‌షైర్‌లో ప్యాక్‌వుడ్ హౌస్ అని నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) వాళ్ళది ఉంది, ఒక చిన్న గుట్ట మీద పెద్ద యూ, దాని ముందు వరసలు వరసలుగా శంకువులు. గుట్ట మీది చెట్టు ఏసుక్రీస్తు, తర్వాత పన్నెండు మంది శిష్యులు, కింద ఉన్నవి కొండమీది ప్రసంగం వినే జనం అని గైడ్ చెప్తాడు, వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. అయితే గుట్ట 17వ శతాబ్దానిదే గానీ కింద "జనం" మాత్రం 19వ శతాబ్దంలో నాటినవి, అంతకు ముందు అక్కడ పళ్ళ తోట ఉండేది. కథ తర్వాత వచ్చి చెట్లని కలుపుకుంది. మన ఊళ్ళల్లో స్థలపురాణాలు ఎలా పుడతాయో అచ్చు అలాగే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీరు ఆ నెమలిని "మళ్ళీ అలాగే" చేయాలని పాత ఓనర్ల ఫొటో వెతుకుతున్నారట. ఫొటో దొరికితే మంచిదే, మేమూ పాత ఫొటోలు గోడకి అంటించుకుని చూస్తాం. కానీ ఆ ఫొటోలో ఉన్నది కూడా ఏదో ఒక ఏడాది, ఎవరో ఒకరి చేతి వాటం. రెండు ప్రపంచయుద్ధాల్లో తోటమాలులు సైన్యంలోకి పోయి ఎన్నో తోటలు ఏళ్ళ తరబడి అడవులయ్యాయి, తర్వాత వచ్చినవాళ్ళు మిగిలిన కొమ్మల్ని బట్టి ఏం వీలైతే అది తీశారు. చెట్టు లోపల ఏ కొమ్మలు బతికున్నాయో చూసి, వాటికి ఏ ఆకారం కుదురుతుందో అది చేయండి. మీ ఫొటో చూస్తే నాకు కింద శంకువు మంచిగా ఉంది, మెడ పోయింది, తోక వైపు రెండు నిటారు కొమ్మలున్నాయి. నేనైతే మూడేళ్ళు శంకువు ఒక్కటే తీర్చి, పై కొమ్మల్ని వదిలేస్తాను. అవి పెరిగాక రెండు గుత్తులుగా విడదీసి, తల వైపుదాన్ని ఒక వెదురు కర్రకి, తోక వైపువాటిని విసనకర్రలా పరిచి తీగ చట్రానికి పురికొసతో కట్టుకుంటూ పోతే ఐదారేళ్ళకి పిట్ట కనపడుతుంది. నెమలి అవుతుందో బాతు అవుతుందో ఇప్పుడే మాటివ్వలేను. కట్లు మాత్రం ఏడాదికోసారి విప్పి వదులు చేయాలి, లేకపోతే తీగ బెరడులోకి దిగి కొమ్మ అక్కడే విరుగుతుంది. మా పాత పిట్ట ఒకదాని ముక్కు అలాగే ఊడి నా చేతిలోకొచ్చింది, ఇప్పటికీ దాన్ని చూసి మావాళ్ళు "పెంగ్విన్" అంటారు.

ఇంక ప్రతి ఏడూ చేసే కత్తిరింపు ఎలా ఉంటుందంటే. ఏడాదికి ఒక్కసారి చాలు, ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్. అప్పటికి ఆ ఏటి పెరుగుదల అయిపోతుంది, కత్తిరించిన గీత మళ్ళీ వసంతం దాకా చెక్కుచెదరదు. మా దగ్గర నలుగురం మొదలెడితే అక్టోబర్ చివరికి అవుతుంది. వేల్స్‌లో పోవిస్ కోట అని ఉంది, అక్కడి యూ గోడలు మేఘాల్లా ఉబ్బి టెర్రస్ మీద నుంచి కిందకి జారుతున్నట్టు ఉంటాయి, నాలుగంతస్తుల మేడ ఎత్తు, వాటికోసం ఒక తోటమాలి ఏటా పది వారాల పాటు క్రేన్ బుట్టలోనే ఉంటాడు. మేము అంత ఎత్తు కాదు, మూడు కాళ్ళ నిచ్చెనతో సరిపోతుంది. మీరు కూడా ఇంట్లో ఉన్న రెండు పట్టీల నిచ్చెన చెట్టుకి ఆనించి ఎక్కకండి, యూ గుబురు బరువు ఆపుతుందనిపిస్తుంది, ఆపదు.

మిషన్‌తో లావుగా ఉన్నదంతా తీసేసి, అంచులకీ వంపులకీ చేతి కత్తెర. బ్లేడ్లకి బంక పట్టేస్తుంది, మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి నూనె పెట్టి తుడిచి సాన పెట్టకపోతే సాయంత్రానికి కోయదు, నమలుతుంది. నమిలిన కొనలు గోధుమరంగుకి తిరిగి చెట్టంతా తుప్పు పట్టినట్టు కనపడుతుంది. నిలువు చూసుకోడానికి మన తాపీమేస్త్రీలు గోడకి వాడే గుండు దారమే, అంతకు మించిన పరికరం నేను చూడలేదు. శంకువుకి మూడు కర్రలు పైన కట్టి చుట్టూ తిప్పుకుంటే చాలు. కింద వెడల్పు, పైన సన్నం, ఇది తప్పొద్దు. పైన లావుంటే కిందకి వెలుతురు అందక పాదం బోడిగా అయిపోతుంది, మంచు పడితే చీలిపోతుంది కూడా. మంచు బాగా పడ్డ రోజు పొద్దున్నే మేము చేసే మొదటి పని పొడుగు కర్రలతో చెట్లని తట్టి మంచు దులపడం.

నేను కొత్తలో చేసిన తప్పు ఏంటంటే చెట్టుకి దగ్గరగా నిలబడి గంటలు గంటలు కత్తిరించేవాణ్ణి. దగ్గర నుంచి అంతా సమంగానే ఉంటుంది. సాయంత్రం ఎండ వాలుగా పడ్డాక ఇరవై అడుగులు వెనక్కెళ్ళి చూస్తే గుంటలూ గడ్డలూ, చంద్రుడి మొహంలా. మా హెడ్ గార్డెనర్ ఏమీ అనలేదు, నన్ను అక్కడ నిలబెట్టి తను టీ తాగడానికెళ్ళాడు. అప్పట్నుంచి పది కత్తెర్లకొకసారి వెనక్కి నడుస్తాను. నడకే ఎక్కువవుతుంది, పని తక్కువ.

ఇంకో తప్పు, ఒక ఆగస్టులో ముప్పై డిగ్రీలు దాటిన రోజు మధ్యాహ్నం కత్తిరించాం, టైమ్ అయిపోతోందని. అప్పటిదాకా నీడలో ఉన్న లోపలి ఆకు ఒక్కసారిగా ఎండకి బయటపడి మాడిపోయింది, దక్షిణం వైపంతా ఇటుక రంగు. చావలేదు, కానీ మరుసటి వసంతం దాకా వచ్చినవాళ్ళందరికీ జవాబు చెప్పుకోవాల్సొచ్చింది. మబ్బు రోజు చూసుకోండి, ఇంగ్లండ్‌లో దానికి కరువు లేదు కదా.

ఇప్పుడు వేళ్ళ సంగతి, నేను ఇందాక ఆపింది. యూ చెట్టు రంపాన్ని క్షమిస్తుంది, ఎండని క్షమిస్తుంది, నీళ్ళు నిలవడాన్ని మాత్రం క్షమించదు. సున్నపు నేలల్లో, రాళ్ళలో, చర్చి సమాధుల మధ్య వెయ్యేళ్ళు బతికే చెట్టు, వేళ్ళ దగ్గర ఒక చలికాలం బురద ఉంటే పోతుంది. నీరు నిలిచిన మట్టిలో ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు తెగులు పడుతుంది, మన కొబ్బరీ తమలపాకూ రైతులకి ఈ పేరు బాగా తెలుసు, దాని చుట్టాలే. ముందు ఒక పక్క ఆకు వెలిసిపోతుంది, తర్వాత రాగి రంగు, మనకి కనపడేసరికి కింద సగం వేళ్ళు పోయుంటాయి. దీనికి మందు కొట్టి నయం చేసే దారి లేదు. ప్యాక్‌వుడ్ కూడా బంక నేలే, అక్కడా యూ చెట్ల కింద నీరు దిగక, మట్టి గట్టిపడి చాలా ఇబ్బంది పడ్డారు.

మా దగ్గర రెండు చెట్లు ఇలాగే పోయాయి, రెండూ నాకంటే ఎంతో ముందు తరాల చేతుల్లో పెరిగినవి. పెళ్ళిళ్ళకి తోట అద్దెకివ్వడం మొదలెట్టాక టెంట్ లారీలు వాటి పక్క నుంచి తిరిగేవి, ఒక కాంట్రాక్టర్ మనుషులు వద్దన్నా అదే దారి. రెండేళ్ళకి నేల సిమెంటులా అయింది, పాత మట్టి పైపు కాలవ ఎక్కడో నలిగిపోయింది, ఆ చలికాలం వానలకి చెట్ల చుట్టూ చెరువు. జూన్‌లో మొదటిది ఎర్రబడింది. తవ్వితే వేళ్ళు నల్లగా, గిల్లితే పై తోలు జారిపోతోంది, కుళ్ళు వాసన. నేను అప్పటిదాకా కత్తెర పనే పెద్ద విద్య అనుకునేవాణ్ణి. ఆ తర్వాత చలికాలంలో వాన పడే రోజు గొడుగేసుకుని చెట్ల చుట్టూ తిరిగి నీళ్ళెక్కడ నిలుస్తున్నాయో చూడ్డం నా పనిలో చేర్చుకున్నాను, ఎవరూ చెప్పకుండానే.

అందుకని మీరు రంపం తీసే ముందు ఒక పని చేయండి. చెట్టు కొమ్మల అంచు కింద అడుగు లోతు గొయ్యి తీసి బకెట్ నీళ్ళు పోయండి. గంట రెండు గంటల్లో ఇంకిపోతే మీకు ఏ బెంగా లేదు. మర్నాటికీ నీళ్ళుంటే కొట్టడం ఆపి ముందు కాలవ సంగతి చూడండి. గొయ్యిలో కనపడే సన్నవేళ్ళు గిల్లి చూస్తే లోపల తెల్లగా ఉండాలి. మీ ఫొటోలో ఎడమ పక్క కింద కొంచెం పసుపు కనపడుతోంది, అది నీడ వల్లో దీనివల్లో ఫొటోలో తేలదు.

విషం గురించి ఎవరూ కామెంట్లలో చెప్పలేదు, మీకు చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి చెప్పాల్సిందే. యూ చెట్టులో పండు పైన ఉండే ఆ ఎర్రటి మెత్తటి గుజ్జు తప్ప ఆకు, బెరడు, గింజ అన్నీ విషమే, గుండె మీద పనిచేసేది. ఆ ఎరుపు పిల్లల్ని పిలుస్తుంది. ఆడ చెట్టుకే కాయలొస్తాయి, ఏటా కత్తిరిస్తే అవీ తక్కువే వస్తాయి, అయినా చెప్పి ఉంచండి. తీసిన కొమ్మలు ఎండినా విషం పోదు, కొద్దిపాటి మేతకే గుర్రాలూ ఆవులూ పడిపోతాయి. మీ వెనక పొలంలో గుర్రాలున్నాయన్నారు, చెత్త కంచె అవతలకి వేశారంటే అంతే సంగతులు. టార్పాలిన్ పరిచి కత్తిరించి, ఆకు కూడా మిగలకుండా ఎత్తేయండి.

ఆ విషపు చెట్టు నుంచే క్యాన్సర్ మందు. పాక్లిటాక్సెల్ అనే ఆ మందుని మొదట్లో అమెరికా పడమటి తీరపు యూ బెరడు నుంచి తీసేవాళ్ళు, బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది కదా, తర్వాత ఈ యూరప్ యూ ఆకులో దానికి మూలపదార్థం దొరకడంతో గొడవ తీరింది, ఆకు మళ్ళీ వస్తుంది. ఇంగ్లండ్‌లో తోటల కత్తిరింపు ఆకు దానికోసం సేకరించేవాళ్ళు. మన హైదరాబాద్ కంపెనీలు కూడా ఈ కుటుంబపు మందులు చేస్తాయి, ఎక్కడి ఆకు ఎక్కడి సంగతి.

హైదరాబాద్ అన్నాం కాబట్టి మీ మూడో ప్రశ్న. యూకి చలి కావాలి, మన ఏప్రిల్ మే ఎండలకి కుండీలో ఏసీ పెట్టినా నిలబడదు, పైగా విమానంలో మొక్క తీసుకెళ్ళాలంటే ముందే దిగుమతి పర్మిట్, ఇక్కడి ప్లాంట్ హెల్త్ సర్టిఫికెట్, అక్కడ తనిఖీ, ఇంత తతంగం చచ్చిపోయే మొక్క కోసమా. మన దేశంలో దీని చుట్టం హిమాలయాల్లో ఎత్తున పెరుగుతుంది, తాలీసపత్రం పేరుతో కొన్నిచోట్ల అమ్మేది దాని ఆకే, మందుల కోసం నరికి నరికి అంతరించే దశకి తెచ్చారు. అది కూడా దక్కన్‌లో బతకదు.

అత్తగారికి ఆకారం కట్టే చెట్టే కావాలంటే ఫైకస్ చాలు. ఇంగ్లండ్‌లో యూ ముప్పై ఏళ్ళలో చేసేది మన వైపు ఫైకస్ ఐదేళ్ళలో చేసేస్తుంది, అందుకే ఏడాదికి ఒకసారి కాదు, వానాకాలంలో నెలకోసారి కత్తెర పట్టాలి, అది మర్చిపోతే మీ నెమలి గతే. గోడకీ పైపులకీ దూరంగా పెట్టండి, వేళ్ళు ఊరుకోవు. చిన్న ఆకారాలైతే డురాంటా మొక్క కూడా వింటుంది. సరుగుడుని కడియంలో చక్కగా గోపురాల్లా తీస్తారు, కానీ పైన చెప్పాను కదా, దాని ముసలి కట్టెలోకి పోకూడదు. కోనోకార్పస్ ఇస్తామంటే మాత్రం వద్దనండి. కడియపులంక వైపు వెళ్తే తీగ చట్రంతో సహా తయారుగా ఉన్నవి దొరుకుతాయి, కొనేముందు కుండీ పక్కకి వంచి కింద కన్నంలోంచి వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉన్నాయేమో చూడమనండి, మా నాన్న చూస్తే తిడతాడు గానీ నర్సరీవాళ్ళు దాచేది అక్కడే.

గొయ్యి తవ్వి నీళ్ళు పోశాక ఎంతసేపటికి ఇంకిందో ఇక్కడే రాయండి, మాను మొదలు దగ్గర్నుంచి ఒక ఫొటో, ఆ పసుపు ఉన్న ఎడమ పక్కది ఇంకొకటి పెట్టండి. కొట్టడానికి తొందరేం లేదు.